మా చార్జీలు ఏ రోడ్డుకు వెళ్తున్నాయో మ్యాపులో చూపండి

సంపాదకులకు నమస్కారం.

ఇల్లు కట్టినా, లేఅవుట్ వేసినా డెవలప్‌మెంట్ చార్జీలు కట్టాల్సిందే, అందులో నాకు పేచీ లేదు, ఇళ్లు పెరిగితే బండ్లు పెరుగుతాయి, రోడ్డు వెడల్పు చేయాలి, దానికి డబ్బు ఎక్కడినుంచో రావాలి కదా. కానీ మా తిరుపతి పక్కనున్న అవిలాల వైపు కట్టిన డబ్బు అవిలాల రోడ్లకే పోతోందా అన్నది మామూలు జనానికి తెలిసేదెలా?

జీఐఎస్ మ్యాపు (స్థలాల వివరాలను పొరలుగా చూపే కంప్యూటర్ మ్యాపు) మీద లేఅవుట్లు, మాస్టర్ ప్లాన్ రోడ్లు, ట్రాఫిక్ లెక్కలు ఒకదానిమీద ఒకటి పరిస్తే రేపు ఏ కూడలిలో బండ్లు ఇరుక్కుంటాయో ముందే తెలుస్తుంది. చార్జీ కూడా దాన్నిబట్టే వేయొచ్చు. అమెరికాలోని టెక్సస్‌లో 1987 నుంచే దీనికి చట్టం ఉంది. రోడ్ల ఫీజు వసూలు చేసే ఏరియా 6 మైళ్లు దాటకూడదు, అక్కడి డబ్బు అక్కడి రోడ్లకే, 10 ఏళ్లలో ఖర్చు పెట్టకపోతే వాపసు అడగొచ్చు. మనకు వాపసు సంగతి దేవుడెరుగు, లెక్క చూపిస్తే అదే పదివేలు!

తిరుపతికి ఇంకో చిక్కుంది. ఉత్తరాన శేషాచలం కొండలు, కాబట్టి ఊరు రేణిగుంట, తిరుచానూరు, చంద్రగిరి వైపే సాగాలి, ఆ రోడ్ల మీదే యాత్రికుల బస్సులూ, కార్లూ తిరుగుతాయి. ఆ ట్రాఫిక్‌ను విడిగా లెక్కగట్టాలి, లేకపోతే ఆ భారమంతా రెండు గదుల ఇల్లు కట్టుకునేవాడి నెత్తిన పడుతుంది.

తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ), నగరపాలక సంస్థ కలిసి అందరికీ కనిపించే మ్యాపు ఒకటి పెడితే బాగుంటుంది. సర్వే నంబరు కొడితే ఆ ఏరియాలో ఎంత వసూలైంది, ఏ రోడ్డుకు కేటాయించారు, పని ఎందాకా వచ్చింది అన్నవి కనిపించాలి.

— ఒక పాఠకుడు, తిరుపతి