నా కుడి మోచేతిని బాగుచేసిన వారికి కృతజ్ఞతలు

తెనాలిలో ఇరవై ఏళ్లుగా ఇంటి దగ్గరే ఊరగాయలు పెట్టి అమ్ముతున్న నాకు, పోయిన వేసవిలో కుడి మోచేతి బయటి వైపు నొప్పి మొదలై, సీసా మూత బిగించడానికి కూడా పిల్లలను పిలవవలసిన పరిస్థితి వచ్చింది. ఈ వేసవిలో ఆవకాయ మళ్లీ నా చేత్తోనే కలిపాను. అందుకు కారణమైన ఫిజియోథెరపిస్టు గారికి, నన్ను ఆమె దగ్గరకు వెంటబెట్టుకుని తీసుకువెళ్లిన పక్కింటి అక్కయ్య గారికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారని తెలిసినప్పుడు ఇంట్లో అందరూ నవ్వారు. 2004లో సచిన్ టెండూల్కర్‌ను ఆటకు దూరం చేసిన నొప్పి, జన్మలో బ్యాటు పట్టని నాకు వచ్చింది మరి. అరచేయి కిందికి ఉంచి బరువులెత్తడం, గట్టిగా పట్టి తిప్పడం, బట్టలు పిండడం వంటి పనులు రోజూ చేసేవారికి, మణికట్టును పైకెత్తే కండరాల టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) మోచేతి ఎముకకు అతుక్కునే చోట దెబ్బతింటుందట.

మొదట చూపించుకున్న చోట స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. ఐదు వారాలు హాయిగా గడిచాయి, ఆ తరువాత నొప్పి మునుపటికన్నా ఎక్కువగా తిరగబెట్టింది. 2013లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 54 శాతం మందికి ఏడాదిలోపు నొప్పి తిరగబెట్టిందని, మందు లేని ఇంజెక్షన్ తీసుకున్నవారిలో అది 12 శాతమేనని ఫిజియోథెరపిస్టు గారు చెప్పాక గానీ నాకు సంగతి అర్థం కాలేదు. ఆ మాట మొదటే ఎవరైనా చెప్పి ఉండవలసింది.

ఆమె మా అమ్మాయి ఈడుది. ముందు మెడ పరీక్షించి, నొప్పి అక్కడి నుంచి దిగడం లేదని తేల్చుకున్నాకే మోచేయి పట్టుకున్నారు. అల్ట్రాసౌండ్, కరెంటు పరికరాల గురించి అడిగితే, అవి కాసేపు ఉపశమనం ఇవ్వవచ్చు గానీ టెండన్‌కు బలం వచ్చేది వ్యాయామంతోనేనని దాపరికం లేకుండా చెప్పారు. నొప్పి ఉన్న చోట ధ్వని తరంగాలతో తాకించే షాక్‌వేవ్ చికిత్స ఇప్పుడే అవసరం లేదన్నారు. ఒక చేత్తో నా ముంజేతిని పక్కకు నెట్టి పట్టుకుని పిడికిలి బిగించమన్నప్పుడు, అంతకు ముందు ప్రాణం పోయినంత పనిచేసిన అదే బిగింపు సగం నొప్పితో సాధ్యం కావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మొదటి రెండు వారాలు బల్లపై ముంజేయి ఆనించి, మణికట్టును పైకి లేపబోతూ ఎడమ చేత్తో కదలకుండా అదిమి, 45 సెకన్లు అలాగే ఉంచడం. తరువాత అరకిలో కందిపప్పు ప్యాకెట్టును చేతిసంచిలో వేసి, ఎడమ చేతి సాయంతో పైకెత్తి, కుడి మణికట్టుతో మాత్రం అయిదు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దించడం. పదిలో నాలుగు దాటని నొప్పి, మరునాటి ఉదయానికి తగ్గిపోయేదైతే, భయపడవద్దన్నారు. ఆ ఒక్క కొలమానం నాకు మందుకన్నా ఎక్కువ ధైర్యాన్నిచ్చింది. మోచేతికి రెండు వేళ్ల కింద కట్టే పట్టీని పని చేసేటప్పుడే వాడమన్నారు. పన్నెండు వారాల్లో ప్యాకెట్టు కిలోన్నరకు చేరింది.

నా పని మానమని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. వంటింటికి వచ్చి చూసి, గరిటె కాడకు మందంగా గుడ్డ చుట్టించారు, జాడీని అరచేతులు పైకి ఉండేలా, పొట్టకు ఆనించి ఎత్తడం నేర్పారు. కాయలు కొట్టే పని మాత్రం ఈ ఏడాదికి కూలీకి అప్పగించమన్నారు, అప్పగించాను.

రాత్రిపూట పక్కన కూర్చుని అంకెలు లెక్కపెట్టిన మా అమ్మాయికి, నేను బద్ధకించిన రోజున చీవాట్లు పెట్టిన అక్కయ్య గారికి నమస్కారాలు. ఈ ఏడు పెట్టిన మొదటి జాడీ ఫిజియోథెరపిస్టు గారింటికే పంపుతున్నాను. ఉప్పు తగ్గించి పెట్టమన్న ఆమె మాట ఒక్కటి మాత్రం నేను పాటించలేదు, తగ్గిస్తే ఆవకాయ నిలవ ఉండదు.