ఆరు వారాలుగా జవాబు లేని ఫిర్యాదు

విజయవాడ,
ఫిబ్రవరి 24, 2025.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: జనవరి 6న ఆర్డర్ చేసిన ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె) గురించి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పకపోవడం.

అయ్యా,

నేను సత్యనారాయణపురంలో పిల్లలకు సంగీతం చెప్పుకుంటూ బతుకుతున్నదాన్ని. పదకొండేళ్లుగా మీ దగ్గరే కొంటున్నాను. నా మొదటి శ్రుతిపెట్టె మీ షాపుదే. మా వీధి భజన మండలికి మైకు సెట్టు కావాలంటే నేనే దగ్గరుండి మీ షాపులో కొనిపించాను. నా దగ్గర నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు కీబోర్డు ఎక్కడ కొనాలని అడిగితే మీ పేరే చెప్పేదాన్ని. వస్తువన్నాక ఒక్కోసారి తేడా వస్తుంది, అందుకు ఇంత బాధపడను. ఆరు వారాలుగా మీరు నన్ను తిప్పుతున్న తీరుకే ఒళ్లు మండుతోంది.

కొనేముందు నేను అడగలేదా? జనవరి 6న మీ వెబ్‌సైట్ చాట్‌లో అడిగాను. "నాది స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ 11 ల్యాప్‌టాప్, దీనికి ఈ ఇంటర్‌ఫేస్ పనిచేస్తుందా?" అని ఇవే మాటలు రాశాను. "యెస్ మేడమ్, విండోస్ 11 అయితే చాలు" అని జవాబు వచ్చింది. ఆ స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది. ఆ మాట నమ్మే 11,499 రూపాయలు కట్టాను.

తొందర ఎందుకో కూడా చెబుతాను. మా అమ్మకు 78 ఏళ్లు. మేలుకొలుపులు, గొబ్బి పాటలు, అప్పగింతల పాటలు ఆవిడకు వచ్చినన్ని మా వైపు ఇంకెవరికీ రావు. సంక్రాంతికి మొవ్వ దగ్గర మా ఊరి నుంచి వస్తోంది కదా, ఉన్న నాలుగు రోజుల్లో అవన్నీ శుభ్రంగా రికార్డు చేద్దామనుకున్నాను. 11న పార్సిల్ వచ్చింది. ఆ సాయంత్రం అమ్మ దవడన కరక్కాయ ముక్క పెట్టుకుని, శాలువా కప్పుకుని మైకు ముందు కూర్చుంది. పెట్టె మీద లైటు వెలిగింది గానీ, ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టడానికి కావాల్సిన డ్రైవర్ అనే ప్రోగ్రాం ఎక్కలేదు, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టె పేరే కనపడలేదు. అమ్మ గంటన్నర అలాగే కూర్చుని, "రేపు చూద్దాంలేమ్మా" అని లేచింది.

12న మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు, చేశాను. పండగ మూడు రోజులూ లైను కలవలేదు. 16న ఇంకొకాయన ఎత్తారు. మొదటి నుంచి మళ్లీ చెప్పించుకుని, మళ్లీ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. కేబుల్ మార్చమన్నారు, కొత్తది కొని మార్చాను. 18న మాట్లాడిన అమ్మాయికి స్నాప్‌డ్రాగన్ అని చెబితే "అది ఫోన్ కదా మేడమ్, మేము ఫోన్లకు సపోర్ట్ ఇవ్వం" అంది. నా ఎదురుగా ఉన్నది ల్యాప్‌టాప్ అని నమ్మించడానికే పావుగంట పట్టింది.

19న నేనే వాపసు చేస్తానన్నాను. ఇక్కడే నన్ను మోసం చేశారు. "ఇప్పుడు రిటర్న్ పెట్టకండి మేడమ్, పెడితే మీ కంప్లైంట్ టికెట్ క్లోజ్ అయిపోతుంది. మూడు రోజుల్లో టెక్నికల్ టీమ్ వాళ్లే ఫోన్ చేస్తారు" అన్నారు. నమ్మి ఆగాను. 22న ఫోన్ వచ్చింది. "పది రోజుల రిటర్న్ గడువు నిన్నటితో అయిపోయింది" అని చెప్పడానికి! ఆగమన్నదీ మీరే, గడువు అయిపోయిందన్నదీ మీరే.

చివరికి సమస్య ఏమిటో చెప్పింది నా దగ్గర వయొలిన్ నేర్చుకునే బీటెక్ కుర్రాడు. ఇంటెల్, ఏఎండీ చిప్‌ల కోసం రాసిన డ్రైవర్ నా ల్యాప్‌టాప్‌లో ఉన్న స్నాప్‌డ్రాగన్ లాంటి ఏఆర్ఎం రకం చిప్ మీద ఎక్కదట. మామూలు ప్రోగ్రాములైతే విండోస్ ఎలాగోలా నడిపిస్తుంది గానీ, డ్రైవర్ మాత్రం ఈ చిప్‌కు విడిగా తయారుచేయాలట. ఈ పెట్టెకు అలాంటిది రాలేదని మీరిచ్చిన డౌన్‌లోడ్ పేజీలోనే చూపించాడు. పది నిమిషాలు పట్టింది వాడికి. ఈ ఒక్క ముక్క చాట్‌లో అడిగిన రోజే చెప్పి ఉంటే నేను ఇంకో మోడల్ చూసుకునేదాన్ని కదా?

ఫిబ్రవరి 3న ఇదంతా రాసి, స్క్రీన్‌షాట్ జతచేసి మీకే మెయిల్ పంపాను. ఉలుకూ పలుకూ లేదు. 10న చూస్తే నా టికెట్ మూసేసి ఉంది. కారణం "కస్టమర్ ఫోన్ ఎత్తలేదు" అట. పిల్లలకు పాఠం చెబుతుండగా ఒక్కసారి చేశారు. తిరిగి చేస్తే ఆ నంబర్ కలవదు.

అమ్మ నా కోసమని ఉండి ఉండి, జనవరి 27న ఊరెళ్లిపోయింది. వెళ్లే ముందు రోజు రాత్రి సెల్‌ఫోన్‌లోనే రెండు పాటలు పాడించుకున్నాను. వీధిలో పోయే ఆటోల మోత మధ్య అమ్మ గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది. అది విన్నప్పుడల్లా మీమీద కోపం తన్నుకొస్తోంది.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందిందని మీరు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మొదటిది ఎలాగూ చేయలేదు. మార్చి 3తో ఆ నెల కూడా నిండుతుంది. అప్పటిదాకా చూస్తాను. 4న పొద్దున్నే 1915కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నేనుండే చోటే వేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. పెట్టె తీసుకుని నా డబ్బు నాకు ఇచ్చేయండి. ఆగమని చెప్పి గడువు దాటించినందుకు మీ కంపెనీ తరఫున ఒక మనిషి సంతకం పెట్టి క్షమాపణ రాయాలి. డబ్బు ఒక్కటే పంపిస్తే ఒప్పుకోను. భజన మండలి వాళ్లకు, పిల్లల తల్లిదండ్రులకు ఇప్పటికే అంతా చెప్పాను, ఇకముందూ చెబుతాను.

ఫోన్ ఎప్పుడైనా చేయండి. సాయంత్రం 5 నుంచి 8 దాకా మాత్రం నాకు క్లాసులుంటాయి. ఆ టైములో చేసి, ఎత్తలేదని రాసి ఈ ఫిర్యాదు కూడా మూసేయొద్దు.

ఇట్లు,
పదకొండేళ్ల మీ కస్టమర్,
సత్యనారాయణపురం సంగీతం టీచర్.