సున్నం ఊళ్లో అద్దానికి ముందు నీళ్లు కొట్టకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఇంటి చిట్కాల్లో, కిటికీ అద్దాలు మెరవాలంటే బాగా నీళ్లు చల్లి పాత పేపరుతో రుద్దమని రాశారు. మా ఇంటావిడ అది తెచ్చి నా ముందు పెట్టి, "ముప్పై ఏళ్లు బస్సు అద్దాలు తుడిచారుగా, ఇది మన ఇంటికి పనికొస్తుందా?" అని అడిగింది. పనికిరాదన్నాను. ఎందుకో మీకూ చెబుదామని ఈ ఉత్తరం.

మాది పిడుగురాళ్ల. సున్నపు బట్టీల ఊరు. ఇక్కడ కిటికీ మీద పడేది ఉత్త దుమ్ము కాదు, అందులో సున్నం ఉంటుంది. కాల్చిన సున్నానికి నీళ్లు తగిలితే తడి సున్నమవుతుంది. అది ఆరుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిలా బిగుసుకుంటుంది. గోడకు వేసిన వెల్ల గట్టిపడేది ఇలాగే. అంటే మీరు చెప్పినట్టు ముందుగా నీళ్లు చల్లితే అద్దానికి మన చేత్తో మనమే వెల్ల వేసినట్టు. పైగా మా బోరు నీళ్లు సున్నపురాతి పొరల్లోంచి వచ్చేవే. ఆ చుక్క ఆరిపోతే నీరు పోతుంది, తెల్ల మచ్చ మిగులుతుంది.

కాబట్టి మా ఇంట్లో మొదటి పని పొడి బ్రష్షుతో దుమ్ము దులపడం. పెయింటు వేసే మెత్తటి బ్రష్షు చాలు. పొడి గుడ్డతో నొక్కి మాత్రం తుడవొద్దు. దుమ్ములో ఇసుక ఉంటుంది, ఇసుక అద్దాన్ని గీస్తుంది. ఈ పాఠం నాకు బండి నేర్పింది. కొత్తలో ఒక ఎండాకాలం, దుమ్ము పట్టిన ముందద్దం మీద నీళ్లు లేకుండా వైపరు తిప్పాను. విల్లులా రెండు గీతలు పడ్డాయి. పగలు కనపడేవి కావు. రాత్రి దాచేపల్లి దాటాక ఎదురు లారీ లైటు పడితే చాలు, అద్దమంతా వెలుగు చిమ్మి రోడ్డే కనపడేది కాదు. అందుకే అద్దం శుభ్రమైందో లేదో ఇప్పటికీ ఎదురుగా నిలబడి చూడను. పొద్దు వాలాక, ఏటవాలు వెలుతురులో పక్కనుంచి చూస్తాను.

దులిపాక నీళ్లు. బోరు నీళ్లు వద్దు. వాన నీళ్లు మంచివి. ఏసీ ఉన్నవాళ్లు దాని గొట్టం కింద బకెట్టు పెట్టుకోండి, అవి గాలిలోని తేమ నీరైనవి, వాటిలో సున్నం ఉండదు. అర బకెట్టుకు షాంపూ నాలుగు చుక్కలు చాలు. మా ఇంటావిడ మొదట్లో సర్ఫు పిడికెడు వేసేది. నురగ ఎంత ఎక్కువైతే చార అంత ఎక్కువ.

ఇక లాగడం. డిపోలో పారేసే వైపరు రబ్బరొకటి తెచ్చుకుని కర్రకు బిగించుకున్నాను, రిటైరై ఎనిమిదేళ్లయినా అదే వాడుతున్నాను. పైనుంచి కిందికి ఒక్క లాగు, రబ్బరు అంచు గుడ్డతో తుడుచుకుని మళ్లీ ఇంకో లాగు. ఆ తుడుచుకోవడం మానేస్తే ఎంత లాగినా చారలే. బయటివైపు నిలువుగా, లోపలివైపు అడ్డంగా లాగుతాను. చార మిగిలితే అది ఏ వైపుదో దాని తీరే చెబుతుంది. అంచుల్లో తడి అద్దడానికి పాత నూలు పంచె ముక్క. ఒకసారి గంజి పెట్టిన పంచె ఇచ్చింది మా ఆవిడ. అద్దం మీద గంజి తేలింది!

ఎండలో ఈ పని పెట్టుకోకండి. పక్కనే రెంటచింతల, మా ఎండల సంగతి మీకు తెలియంది కాదు. కాలిన అద్దం మీద నీళ్లు తుడిచేలోపే ఆరిపోతాయి.

ఇప్పటికే తెల్లగా బిగుసుకున్న మచ్చలుంటే కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌లో గుడ్డ ముంచి పది నిమిషాలు అంటించి ఉంచండి, సున్నం కరుగుతుంది. నిమ్మరసమూ చేస్తుంది. అయితే కిటికీ కింద మాచర్ల నాపరాయి ఉంటే దానిమీద పొడి గుడ్డ పరిచి మరీ చేయండి. అదీ సున్నపురాయే. నేను పరవలేదు, మా కిటికీ గట్టు నున్నదనం పోయింది. బాత్రూం యాసిడ్ జోలికి అసలు వెళ్లొద్దు. మా వీధిలో కొత్త ఇంటి కిటికీలు కడగడానికి వచ్చిన కుర్రాళ్లు అదే పోశారు, అల్యూమినియం ఫ్రేము మచ్చలు తేలింది. దాని వెంట బ్లీచింగ్ పౌడరు కూడా చల్లితే పుట్టేది విషవాయువు.

మీ పేపరు మాట. చివర్లో పొడిగా మెరుగు పెట్టడానికి మంచిదే, ఒప్పుకుంటాను. మామూలు పేజీ తడి పీల్చుకుంటుంది, నూగు వదలదు. ఆదివారం ఇచ్చే నున్నటి పుస్తకం మాత్రం చుక్క కూడా పీల్చదు, తడిని అటూ ఇటూ తోస్తుందంతే. తెల్ల ఫ్రేములకు పేపరు సిరా అంటుతుంది కూడా. ఈ మాటలన్నీ కాకపోయినా, ముందు పొడిగా దులపమన్న ఒక్క వాక్యం వచ్చే ఆదివారం వేయగలరు.

– ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు,
పిడుగురాళ్ల, పల్నాడు జిల్లా