తలుపు పిడి కొట్టే షాకు

చి. చిన్నాకి నాన్న దీవెనలు.

‘అపార్ట్‌మెంట్ వైరింగ్‌లో ఏదో లీకేజీ ఉన్నట్టుంది, తలుపు పిడి పట్టుకున్నా, కారు డోరు ముట్టుకున్నా షాక్ కొడుతోంది’ అని నువ్వన్నప్పటి నుంచి మీ అమ్మకి ఒకటే టెన్షన్. కరెంటు డిపార్ట్‌మెంట్లో చేసిన మనిషి, కొడుక్కి ఒక్క ముక్క చెప్పరేం అని నన్ను నిలబెట్టి అడిగింది. ఫోన్లో చెప్తే సగం వింటావని రాస్తున్నా.

ఇంటి వైరింగ్‌కీ కారు డోరుకీ ఏం సంబంధం రా? అక్కడే తెలియాలి. వైరింగ్ లోపమైతే ముట్టుకున్న ప్రతిసారీ కొడుతుంది, చెయ్యి తీసేదాకా జివ్వుమంటూనే ఉంటుంది. నీకు ఒక్కసారి చురుక్కుమని ఆగిపోతోంది. వెంటనే మళ్ళీ పట్టుకుంటే ఏమీ ఉండదు, కార్పెట్ మీద నాలుగడుగులు వేసొస్తే మళ్ళీ మొదలు. కాబట్టి కరెంటు తలుపులో లేదు, నీ ఒంట్లో ఉంది. దీన్నే స్థిర విద్యుత్తు అంటారు.

రెండు వేర్వేరు పదార్థాలు తగిలి విడిపోతే కొన్ని ఎలక్ట్రాన్లు ఒకదాన్ని వదిలి రెండోదాన్ని పట్టుకుంటాయి. రుద్దడం వల్ల తగిలే చోట్లు పెరుగుతాయి, అంతే. నీ బూటు అడుగుకీ కార్పెట్‌కీ మధ్య అడుగడుగునా జరిగేది ఇదే. ఆవేశం (ఎలక్ట్రిక్ చార్జ్) కొత్తగా పుట్టదు. ఒకదానికి ఎంత రుణావేశం చేరిందో రెండోదానికి అంత ధనావేశం మిగులుతుంది. ఈ ధన, రుణ పేర్లు అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టినవి. ఎలక్ట్రాన్ సంగతి 1897లో థామ్సన్ తేల్చేదాకా ఎవరికీ తెలియదు గనక, కదిలే ఎలక్ట్రాన్‌కి మైనస్ గుర్తు దక్కింది. ఇంటర్లో నువ్వు కరెంటు దిశ దగ్గర తికమకపడ్డావే, దానికి మూలం ఇదే.

దువ్వెన, కాగితం ముక్కల దగ్గరే మన పాఠ్యపుస్తకాలు ఆగిపోతాయి, అసలు తమాషా అంకెల్లో ఉంది. పొడిగాలిలో మిల్లీమీటరు దూరం మెరుపు దూకాలంటే దాదాపు 3,000 వోల్టులు కావాలి. నీ వేలికీ పిడికీ మధ్య మూడు మిల్లీమీటర్ల మెరుపు కనిపించిందంటే ఆ క్షణంలో నువ్వు ఇంచుమించు పదివేల వోల్టుల మీద ఉన్నట్టు. నేను జీవితమంతా భయపడుతూ పనిచేసిన 11 కేవీ (11 వేల వోల్టుల) లైనుకి దగ్గర్లో!

మరి ఏమీ కాలేదేం అంటే, లైను వెనక సబ్‌స్టేషన్ ఉంది, నీ వెనక ఎవరూ లేరు. మనిషి ఒంటి కెపాసిటెన్స్, అంటే ఆవేశాన్ని పట్టి ఉంచే సామర్థ్యం, సుమారు 100 పికోఫారడ్లు, చాలా తక్కువ. పదివేల వోల్టులకి అందులో నిలిచేది ఒక మైక్రోకూలుంబ్ ఆవేశం, అంటే 6 లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు. వినడానికి భారీగా ఉన్నా శక్తి 5 మిల్లీజౌళ్ళే. దాంతో 9 వాట్ల బల్బు సెకనులో వెయ్యో వంతు కూడా వెలగదు.

తెనాలిలో ఇరవై ఏళ్ళు పెరిగినా నీకిది తెలియకపోవడానికి కారణం మన ఉక్కపోత. తేమ ఉన్నచోట వస్తువుల మీద కంటికి కనపడని నీటి పొర ఉంటుంది, చేరిన ఆవేశం దానిమీదుగా ఎప్పటికప్పుడు జారిపోతుంది. అమెరికాలో మీ మినియాపొలిస్‌లో మైనస్ పది డిగ్రీల గాలిని లోపలికి తెచ్చి 22 డిగ్రీలకు వేడిచేస్తే తేమ 15 శాతం లోపుకి పడిపోతుంది. ఇక ఆవేశానికి దారేది?

హ్యుమిడిఫయర్ ఒకటి కొనుక్కో. పిడిని వేలితో కాకుండా ముందు తాళంచెవితో తాకు. మెరుపు అప్పుడూ వస్తుంది గానీ తాళంచెవి కొసన వస్తుంది, నీకు నొప్పి తెలియదు. ల్యాప్‌టాప్ విప్పి ర్యామ్ మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త, నీకు తెలియనంత చిన్న షాక్ కూడా చిప్‌ని పాడుచేస్తుంది.

అసలు భయం పెట్రోల్ బంకులో. పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి మిల్లీజౌల్‌లో నాలుగో వంతు చాలు, నీ దగ్గర ఐదున్నాయి. అక్కడ పెట్రోలు ఎవరికి వాళ్ళే కొట్టుకోవాలి కదా, చలికి తట్టుకోలేక నాజిల్ పెట్టేసి కార్లో కూర్చోవడం అలవాటు చేసుకోకు. సీటు మీంచి జారి దిగినప్పుడే ఒంటికి ఆవేశం పట్టేది. తప్పక కూర్చుంటే, దిగగానే ట్యాంకుకి దూరంగా డోరు ఇనుము మీద చెయ్యి పెట్టి, ఆ తర్వాతే నాజిల్ ముట్టుకో.

మీ నాన్న