ఆవకాయ సీసా ఎందుకు వేలాడదీశానంటే

కొలంబస్, ఒహాయో

నాన్నా,

మొన్న వీడియో కాల్‌లో "ఆ పుల్లకి ఆవకాయ సీసా వేలాడుతోందేంట్రా" అని నువ్వు అడిగావు, నేను చెప్పబోయేలోపు నెట్ పోయింది, మళ్ళీ కలిసేసరికి ఫోన్ అమ్మ చేతిలో ఉంది, ఇక ఆవిడ ఆవకాయ గురించి తప్ప ఇంకో మాట మాట్లాడనివ్వలేదు. ఇది ఫోన్‌లో తేలేది కాదు, అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు, నీ పనికి దగ్గర విషయమే.

అది పుల్ల కాదు, కార్బన్ బాణం. ఈకలూ మొనా లేని ఒట్టి షాఫ్ట్. ఇక్కడ నేను వెళ్ళే మైదానంలో ఒక పెద్దాయన విలువిద్య మానేస్తూ తన పాత షాఫ్టులు డజను చవగ్గా ఇచ్చాడు. వాటి మీద రాతలు సగం చెరిగిపోయాయి, రెండు మూడింటి మీద మాత్రం 3555 అని కనిపిస్తోంది. పాత గోల్డ్ టిప్ కంపెనీ సరుకు. 35 నుంచి 55 పౌండ్ల విల్లుకు పనికొస్తుందని ఆ అంకెకి అర్థం. నాది 40 పౌండ్ల చెక్క విల్లు, మధ్యలోనే ఉన్నాం కదా అని కొనేశా.

వేస్తే ఒక్కటీ తిన్నగా పోదు. అన్నీ ఎడమకి, వదలగానే విల్లు పక్కకి తగిలి టక్‌మని చప్పుడు. బాణం మరీ పొడుగైందేమో అనుకుని ఒకదాన్ని అంగుళం కోశా. ఇంకా ఎడమకి పోయింది! పొడుగు తగ్గితే బాణం ఇంకా బిరుసెక్కుతుందని అప్పుడు తెలీదు. కోసే ముందు మూడుసార్లు కొలవమని నువ్వు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడివి, సరే, ఇప్పుడు తిట్టకు.

ఇందులో కిటుకు ఏంటంటే, మా విల్లులో బాణం విల్లు నడిమి నుంచి పోదు, కొయ్యకి పక్కన ఆనుకుని ఉంటుంది. వేళ్ళు తాడు వదిలినప్పుడు బాణం పాములా మెలికలు తిరుగుతూ ఆ కొయ్యని తప్పించుకుని పోవాలి. వంగాల్సినంత వంగకపోతే కొయ్యకి గుద్దుకుని, నాలాంటి కుడిచేతి వాటం వాడికి ఎడమ పక్కకి పోతుంది. మరీ వంగిపోతే కుడికి. నువ్వు ఆటోనగర్‌లో లారీల వాళ్ళకి చెప్పేవాడివి గుర్తుందా, మోసే బరువు చూడకుండా బండి కింది కమాన్ కట్టలో స్ప్రింగు పట్టీలు పెంచితే ఖాళీ బండి కుప్పిగంతులు వేస్తుందని. అచ్చం అదే జబ్బు. కమాన్ అంటేనే విల్లు కదా, నువ్వు ముప్పై ఏళ్ళు చేసింది ఒకరకంగా విల్లు పనే.

మన బెజవాడ అమ్మాయి జ్యోతి సురేఖ వాడే చక్రాల విల్లుకి, అదే కాంపౌండ్ విల్లుకి, ఈ బాధ ఇంత ఉండదు. అందులో బాణం దాదాపు నడిమి నుంచే పోతుంది, తాడుని వేళ్ళతో కాకుండా చిన్న పరికరంతో వదులుతారు కాబట్టి పక్కకి ఊగడం తక్కువ. 2023 ఆసియా క్రీడల్లో ఆ అమ్మాయి మూడు స్వర్ణాలు కొట్టిన రోజుల్లో "నువ్వూ అలాంటిది కొనుక్కోవచ్చుగా" అన్నావు. కొనుక్కోవచ్చు. కానీ ఇంద్రకీలాద్రి కింద పుట్టి, అర్జునుడు తపస్సు చేసిన కొండ అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగి, మొదటి విల్లుకే చక్రాలు పెట్టించుకోవడం నాకెందుకో నచ్చలేదు.

ఇప్పుడు సీసా సంగతి. బాణం బిరుసుని స్పైన్ అంటారు. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద షాఫ్ట్ పెట్టి, సరిగ్గా నడుమ 1.94 పౌండ్లు, అంటే 880 గ్రాములు, వేలాడదీసి ఎంత కిందికి వంగిందో చూడాలి. అర అంగుళం వంగితే దాన్ని 500 అంటారు, 0.4 అంగుళం అయితే 400. అంకె పెద్దదయ్యేకొద్దీ బాణం మెత్తన. నా దగ్గర 880 గ్రాముల బరువు ఎక్కడుంది? అమ్మ పంపిన సీసా వంటింటి త్రాసు మీద పెడితే కిలో దాటింది. గరిటెతో తీస్తూ తీస్తూ 880కి తెచ్చి, మూతి కింద పురికొస కట్టి, రెండు కుర్చీల మధ్య వేలాడదీశా. కొలిచింది నువ్విచ్చిన వెర్నియర్‌తోనే.

ఎనిమిది షాఫ్టులు 12.7 మిల్లీమీటర్ల దగ్గర వంగాయి, అంటే 500. మిగతా నాలుగు పదికి కాస్త అటూ ఇటూ. అవి 400, వేరే రకం, ఆయన కట్టలో ఎప్పుడో కలిసిపోయినట్టున్నాయి. వాటితో నా విల్లుకి లాభం లేదు, 55 పౌండ్ల విల్లున్న స్నేహితుడికి ఇచ్చేశా. ఎనిమిదింటిని ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని కొద్దిగా వంచి చూస్తే ఒకటి చిటచిటమంది. లోపల పగులు. అలాంటిది వేస్తే విల్లు పట్టిన చేతిలోకి పేళ్ళు దిగుతాయట. విరిచి పారేశా. అంగుళం కోసినదాన్నీ పక్కన పెడితే మిగిలినవి ఆరు.

ఆ ఆరింటికీ మొన బరువు పెంచుకుంటూ పోయా. ముందు బరువు పెరిగితే వదిలినప్పుడు బాణం ఎక్కువ వంగుతుంది, మెత్తనిదానిలా నడుస్తుంది. మొదట 100 గ్రెయిన్ల మొన, అంటే ఆరున్నర గ్రాములు. తర్వాత 150. ఈకల్లేని బాణాన్ని ఈకలున్నవాటితో కలిపి పన్నెండు గజాల నుంచి వేస్తే అది జానెడు ఎడమకి పడేది, 200కి వచ్చేసరికి వాటి పక్కనే గుచ్చుకుంది. టక్‌మనే చప్పుడూ పోయింది. ఆ రోజు చీకటి పడేదాకా ఇంటికి రాలేదు నాన్నా.

ఇంకో డజను పాతవి వస్తున్నాయి. వాటికోసం మొన్న పాతవాటితో సరిచూసుకుందామని మళ్ళీ కొలిస్తే 12.7 రావాల్సినది 11.4 వచ్చింది. అరగంట తల బద్దలు కొట్టుకున్నా. తీరా సీసా తూస్తే 790 గ్రాములు! రూమ్మేట్ పెరుగన్నంలో నంజుకున్నాడట.

కాబట్టి నాకొక బరువు కావాలి. నీ లేత్ మీద ఒక గుండ్రటి ముక్క తీసి, పైన కొక్కెం పెట్టి, పిన్ని వాళ్ళ అబ్బాయి వచ్చేటప్పుడు పంపు. ఇనుమైనా పర్లేదు, ఇత్తడైతే తుప్పు పట్టదు. కొక్కెంతో కలిపి 880 గ్రాములు నాన్నా, 900 చేసి "పర్లేదులే" అనకు.

ఆవకాయ నేల మీద పడలేదని అమ్మకి చెప్పు. ఇంకో సీసా పంపమను.

నీ
చిన్నోడు