బ్రాడీపేట జిరాక్స్ షాపులో కలిసిన పెద్దాయనకు

గుంటూరులో, పశ్చిమ ఆఫ్రికా దేశం లైబీరియా గురించి మా పిల్లలు పెట్టే ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం వాన కొట్టి చార్టులన్నీ తడిసిపోయాయి. జిరాక్స్ షాపులో దిక్కుతోచక నిలబడ్డ పిల్లల్ని చూసి, మీ వంతు వదిలేసి స్టూలు లాక్కుని కూర్చున్నారు. అక్కడి ఐక్యరాజ్యసమితి మిషన్‌లో పనిచేశానని ఒక్క ముక్క చెప్పి పెన్ను అడిగారు.

అక్కడ అంతర్యుద్ధం ముగిశాక పోరాడినవాళ్ల దగ్గర ఆయుధాలు తీసుకోవడాన్ని, అంటే నిరాయుధీకరణను, మీరు గీసి చూపిన తీరు ఇంకా కళ్లముందే ఉందండీ. ముందు తుపాకీలోంచి తూటాలు తీసేయాలి. ఆయుధాన్నీ మందుగుండునూ విడివిడిగా పెట్టి, నంబరు రాసుకోవాలి. ఆ తర్వాతే మనిషికి గుర్తింపు కార్డు. ఆడవాళ్లను, పిల్లలను విడిగా ఉంచాలి. 2003 డిసెంబరులో ఆయుధాలు అప్పగించే షీఫెలిన్ శిబిరానికి అంచనాకు మించి జనం వచ్చిపడి, గొడవలై, పని ఆగిపోయింది. మళ్లీ మొదలైంది 2004 ఏప్రిల్‌లోనే. తుపాకీ లేకున్నా 150 తూటాలు తెస్తే చాలనడంతో, యుద్ధం చేయనివాళ్లూ వరుసలో దూరారట. లక్ష మందికి పైగా నమోదైతే తుపాకులు 28 వేల దాకానే ఎందుకొచ్చాయో పిల్లలకు అప్పుడర్థమైంది. అలా నమోదైనవాళ్లకు మనిషికి 300 డాలర్లు రెండు విడతల్లో ఎందుకిచ్చారని మా అమ్మాయి అడిగితే, "అంతా శిబిరం దగ్గరే చేతికొస్తే ఊరికెవరు పోతారమ్మా?" అన్నారు. ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు!

షాపు మూసేదాకా కూర్చుని, కాపీల డబ్బులూ మీరే కట్టారు. పేరడిగితే నవ్వి ఊరుకున్నారు. చాలా కృతజ్ఞతలండీ. ఆ హడావిడిలో మీ కాగితాల కవరు బల్ల మీదే వదిలేశారు, షాపాయన దాచి ఉంచారు.