మట్టిబాట కోసమని అమ్మిన సైకిల్‌కి మట్టిబాటలో వారంటీ లేదంటే ఎలా?

వికారాబాద్,
28-4-2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: 9-2-2025న కొన్న సైకిల్ ఎడమ క్రాంక్ (పెడల్‌ని ఇరుసుకి కలిపే కడ్డీ) ఊడిపోయి నేను పడిపోవడం, వారంటీ ఇవ్వబోమని మీరు రాయడం గురించి.

నమస్కారం.

నేను వికారాబాద్‌లో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఫిబ్రవరి 9న నేను, మా తెలుగు టీచర్, పీఈటీ మేడం ముగ్గురం కలిసి హైదరాబాద్‌లోని మీ సొంత షోరూమ్‌కి వచ్చి, ఒకే మోడల్ సైకిళ్ళు మూడు కొన్నాం. ఒక్కొక్కటి 23,990 రూపాయలు. ముందు సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు, 21 గేర్లు ఉన్న మోడల్ అది. మా అవసరం ఏమిటో షోరూమ్‌లో దాచకుండా చెప్పాం. ఆదివారాలు పొద్దున్నే అనంతగిరి గుట్ట ఎక్కి, అవతల ఊళ్ళ మధ్య ఉన్న బండ్లబాటల్లో తిరిగి రావాలి, ఎర్రమట్టి, మొరం, అక్కడక్కడా రాళ్ళు ఉంటాయి అన్నాం. మీ సేల్స్ అబ్బాయి వెంటనే ఈ మోడల్ చూపించి, "మేడం, ఇది దానికోసమే చేసింది" అన్నాడు. మీ బ్రోషర్ మొదటి పేజీలో బొమ్మ కూడా అదే, చక్రాల కింద నుంచి మట్టి ఎగజిమ్ముతూ అడవి బాటలో దిగుతున్న సైకిల్. దాని ఫొటో ఈ లేఖకు జతచేశాను.

అయిదో ఆదివారం, మార్చి 16న, ఎడమ క్రాంక్ పెడల్‌తో సహా ఊడి నా కాలి కింద నుంచి జారిపోయింది. అప్పటికి సైకిల్ తిరిగింది మొత్తం 130 కిలోమీటర్లు కూడా లేదు.

ఆ రోజు జరిగింది వివరంగా రాస్తాను. ఫోన్‌లో మీ వాళ్ళు ఎవరూ నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు.

పొద్దున 5:45కి బయల్దేరాం. ముందు రోజు నుంచే ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మిగతా రోజుల్లో ఎనిమిదింటికల్లా బడిలో ఉండాలి కాబట్టి మాకు దొరికేది ఆదివారం ఒక్కటే. గుడి దాకా తారు రోడ్డు మీద ఎక్కి, కాసేపు ఆగి నీళ్ళు తాగాం. తర్వాత గుట్ట దిగి, ఊరి చివర బండ్లబాట పట్టాం. ఆ సమయంలో ఆ బాట ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఆకు ఒక్కటి లేకుండా మోదుగ చెట్లు ఎర్రగా పూసి ఉంటాయి. కింద రాలిన పూల మీద నుంచే చక్రాలు పోతాయి. కానుగ కొత్తగా చిగురిస్తుంది. ఎండ పెరగకముందు గాలి ఇంకా చల్లగానే ఉంటుంది, వేపపూత వాసన వస్తుంది. పల్లేరుకాయలు గుచ్చుకుని టైరు పంక్చరయితే ముగ్గురం ఏ చింతచెట్టు కిందో కూర్చుని ప్యాచ్ వేసుకుంటాం. గొర్రెలు తోలుకుపోయే తాత మమ్మల్ని చూసి ప్రతివారం "ఇయ్యాల ఎంత దూరం బిడ్డా" అని అడుగుతాడు. శివరాత్రితో చలి పోయాక, ఎండలు ముదరకముందు, ఇక్కడ సైకిల్ తొక్కడానికి మాకు దొరికేవి ఆరేడు వారాలే. ఏప్రిల్ సగానికే ఎనిమిదింటికల్లా మాడు కాలిపోతుంది. జూన్‌లో వానలు పడితే ఆ మట్టి బంకలా చక్రాలకి పట్టేస్తుంది. ఆ కొద్ది వారాల కోసమే మేం ముగ్గురం చీటీ పాడి మరీ ఈ సైకిళ్ళు కొన్నాం.

బాట ఒకచోట చిన్న వాగులోకి దిగుతుంది. అప్పటికి నీళ్ళు లేవు, గులకరాళ్ళే. దిగేటప్పుడు సీటు మీద నుంచి లేచి రెండు పెడళ్ళ మీద నిలబడ్డాను. అలాంటిచోట ఎవరైనా అలాగే చేస్తారు. ఒక్కసారిగా ఎడమ కాలి కింద ఏమీ లేకుండా పోయింది. ఎడమవైపుకి పడ్డాను. మోచేయి రాయికి తగిలి చీరుకుపోయింది, అరచేతులు కొట్టుకుపోయాయి. హెల్మెట్ పక్కభాగం పగిలింది. హెల్మెట్ లేకపోయి ఉంటే ఈ లేఖ నేను కాక మా ఆయన రాసేవారు. తెలుగు టీచర్ వెనక్కి వచ్చి చూస్తే, క్రాంక్ పెడల్‌తో సహా నాకు రెండడుగుల దూరంలో పడి ఉంది. దాన్ని ఇరుసుకి బిగించే బోల్టు మాత్రం ఎంత వెతికినా కనపడలేదు. సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాకా నడిచాం. పాలు తీసుకుపోయే ట్రాలీ ఆటో అబ్బాయి "ఎక్కక్కా" అని సైకిల్‌ని క్యాన్ల పక్కన పడుకోబెట్టి వికారాబాద్ తీసుకొచ్చాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. ఆదివారం కాబట్టి ప్రైవేటు క్లినిక్‌కే వెళ్ళాను. నాలుగు కుట్లు, ఎక్స్‌రే, టీటీ ఇంజెక్షన్ కలిపి 1,340 రూపాయలయింది. బిల్లు జతచేశాను.

అసలు విషయం దీనికంటే ముందే మొదలైంది. రెండో రైడ్, ఫిబ్రవరి 23న, ఎడమ పెడల్ కిందికి వచ్చిన ప్రతిసారీ 'టక్' మని చప్పుడు వచ్చింది. మర్నాడే మీ షోరూమ్‌కి ఫోన్ చేశాను. "కొత్త సైకిల్ కదా మేడం, కొద్దిగా సౌండ్ వస్తుంది, సెట్ అయిపోతుంది. 200 కిలోమీటర్లు తిరిగాక ఫ్రీ సర్వీసుకి తీసుకురండి" అన్నారు. కాల్ వివరాలు నా ఫోన్‌లో ఉన్నాయి. ఆ మాట నమ్మి మరో మూడు ఆదివారాలు తొక్కాను. నన్ను ప్రమాదంలోకి పంపింది ఆ సలహాయే అని ఇప్పుడు అర్థమవుతోంది. పెడల్ దగ్గర చప్పుడు వస్తోందని కస్టమర్ చెప్తే, సైకిల్ తొక్కడం ఆపండి, బోల్టు బిగించాకే ఎక్కండి అని చెప్పాలి. ఆ ఒక్క మాట అప్పుడు చెప్పి ఉంటే అయిదు నిమిషాల పనితో పోయేది. నా మోచేయీ బాగుండేది, మీ క్రాంకూ బాగుండేది.

నేను పడిన రోజు మధ్యాహ్నమే సైకిల్‌ని మా ఊళ్ళో నలభై ఏళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్న పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన క్రాంక్‌ని గుడ్డతో తుడిచి, వెలుతురులోకి తిప్పి నాకు చూపించాడు. ఇరుసు దూరే రంధ్రం నాలుగు పలకలుగా ఉండాలి. అది దాదాపు గుండ్రంగా అరిగిపోయింది. అంచుల్లో అల్యూమినియం వెండిపొడిలా మెరుస్తోంది, వేలితో రాస్తే అంటుకుంది. ఇరుసు చివర నాలుగు మూలలూ మాత్రం పదునుగా, కొత్తవాటిలా ఉన్నాయి. తర్వాత ఆయన కుడివైపు క్రాంక్ బోల్టుకి స్పానర్ పెట్టాడు. గట్టిగా నొక్కకుండానే సగం చుట్టు తిరిగింది. "మేడం, ఇది మీరు తొక్కి ఖరాబు చేసింది కాదు. బిగించకుంటనే ఇచ్చిన్రు" అన్నాడు. మిగతా రెండు సైకిళ్ళు కూడా అక్కడే విప్పించాం. రెండింటికీ ఎడమ బోల్టు వదులుగానే ఉంది. ఆయన బిగించిన తర్వాత ఆ రెండు సైకిళ్ళూ అదే బాటలో అదే వాగు దిగి తిరుగుతున్నాయి, ఇప్పటిదాకా చప్పుడు లేదు. బోల్టు తిరగడం వీడియో తీశాం, అది మార్చి 17నే మీకు పంపాను.

ఆ మెయిల్ తర్వాత మీ నుంచి వచ్చినవి ఇవి. మార్చి 21న, బిల్లు ఫొటో స్పష్టంగా లేదు, మళ్ళీ పంపండి. 26న, వీడియో మరో కోణంలో తీయండి. ఏప్రిల్ 3న, "ఆఫ్‌రోడ్ వాడకం వల్ల జరిగిన నష్టానికి వారంటీ వర్తించదు, కొత్త క్రాంక్ సెట్ 2,450 రూపాయలు, సైకిల్‌ని హైదరాబాద్ షోరూమ్‌కి మీ ఖర్చుతో తీసుకురావాలి." ఏప్రిల్ 5న నేను రాసిన జవాబుకి ఆటోమేటిక్ రిప్లై తప్ప ఏమీ రాలేదు. మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ పైవాళ్ళకి పంపాం అన్నారు.

ఆఫ్‌రోడ్ అనే మీ కారణం ఎందుకు నిలవదో చెప్తాను. పిల్లలకి ప్రతి ఏడాదీ చెప్పే పాఠమే ఇది. నా బరువు 58 కిలోలు. క్రాంక్ పొడవు 17 సెంటీమీటర్లు. దాన్ని అడ్డంగా ఉంచి నా బరువంతా ఒక పెడల్ మీద వేస్తే ఇరుసు దగ్గర పడే టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 97 న్యూటన్ మీటర్లు. అనంతగిరి ఘాట్‌ని తారు రోడ్డు మీద నిలబడి తొక్కుతూ ఎక్కినా అంతే, మట్టిబాటలో ఎక్కినా అంతే. కింద ఉన్నది తారా మట్టా అనేది ఆ బోల్టుకి తెలియదు. పలకల ఇరుసు ఉండే క్రాంక్ బోల్టుని 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల వరకు బిగించాలని విడిభాగాల కంపెనీల మాన్యువల్స్‌లో ఉంటుంది. అంటే పావు మీటరు స్పానర్ చివర పదహారు కిలోల బరువు వేలాడదీస్తే ఎంత బలమో దాదాపు అంత. అలా బిగిస్తే అల్యూమినియం క్రాంక్ ఉక్కు ఇరుసు మీద కదలకుండా కూర్చుంటుంది. వదులుగా వదిలేస్తే తొక్కిన ప్రతిసారీ కొద్దికొద్దిగా కదిలి, మెత్తని లోహం కాబట్టి క్రాంకే అరిగిపోతుంది. ఒకసారి రంధ్రం అరిగాక మళ్ళీ ఎంత బిగించినా నిలవదు. నా సైకిల్‌కి జరిగింది ఇదే. రాళ్ళ మీద దూకడం వల్ల విరిగి ఉంటే క్రాంక్ వంగాలి, పెడల్ ఇరుసు వంగాలి, రిమ్ముకి సొట్ట పడాలి. అవేవీ లేవు. మీ ఇంజనీరు ఎవరైనా ఆ ఫొటోలు ఒక్కసారి చూస్తే చాలు. అసలు ఇప్పటిదాకా ఇంజనీరు అనేవారు వాటిని చూశారా అని నాకు అనుమానం.

ఇంకో మాట. మట్టిబాట బొమ్మ వేసి, మట్టిబాట కోసమని చెప్పి అమ్మిన వస్తువుకి, మట్టిబాటలో తిరిగారు కాబట్టి వారంటీ లేదు అనడం న్యాయం కాదు. ఆ షరతు వారంటీ కార్డు వెనక, చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది. డబ్బులు కట్టేటప్పుడు దాని గురించి ఎవరూ నోరు విప్పలేదు. చెప్పి ఉంటే మేం ఆ సైకిల్ కొనేవాళ్ళమే కాదు.

నేను కోరేవి పెద్దవి కావు. క్రాంక్ సెట్, ఇరుసు, బేరింగులు అన్నీ కొత్తవి ఉచితంగా వేయాలి. ఆ పని మీ మెకానిక్ వికారాబాద్ వచ్చి చేయాలి, లేదంటే రానూపోనూ ట్రాలీ ఆటో ఖర్చు 1,800 రూపాయలు మీరు భరించాలి. బస్సులో ఎక్కించుకోరు, నేను కుట్లు పడిన మోచేతితో రైల్లో లగేజీగా వేసుకుని రాలేను. క్లినిక్ బిల్లు 1,340 రూపాయలు, పగిలిన హెల్మెట్ ధర ఇవ్వాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది, ఆ షోరూమ్ నుంచి ఆ రోజుల్లో ఇదే మోడల్ తీసుకున్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి క్రాంక్ బోల్టులు చెక్ చేయించుకోమని చెప్పాలి. ఒకేరోజు కొన్న మూడింటికి మూడూ వదులుగా ఉన్నాయంటే అది నా ఒక్కదాని దురదృష్టం కాదు. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లాడు ఒకడు ఉగాదికి వాళ్ళ నాన్నతో మీ కంపెనీ సైకిలే కొనిపించుకున్నాడు. బడి వరండాలోనే వాడి సైకిల్‌కి నేనే స్పానర్ పెట్టి చూశాను. అదృష్టవశాత్తూ గట్టిగానే ఉంది. కానీ అలా ఎంతమంది చూసుకుంటారు?

2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం 2019లో, లోపం ఉన్న వస్తువు వల్ల మనిషికి గాయమైతే తయారీదారు, అమ్మకందారు బాధ్యత గురించి ప్రత్యేక అధ్యాయమే ఉంది. కొన్న ఊరికి వెళ్ళకుండా నేను ఉండే చోటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను. అయితే అక్కడి దాకా పోవాలని నాకు కోరిక లేదు. సెలవులు మొన్న 24న మొదలయ్యాయి. ఎండ పెరగకముందు పొద్దున ఒక గంటైనా తొక్కుకునే రోజులు ఇంకా కొన్ని ఉన్నాయి. సైకిల్ మా వరండాలో గోడకి ఆనించి ఉంది, ఎడమ క్రాంక్ విడిగా కవర్‌లో ఉంది. దాన్ని పారేయలేదు, రిపేరు చేయించలేదు, ఎవరొచ్చినా చూసుకోవచ్చు.

మే 13 లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఫోన్ చేయదలచుకుంటే సాయంత్రం నాలుగు తర్వాత చేయండి. మాట్లాడేది ఫొటోలు చూసిన మనిషై ఉండాలి.

ఇట్లు,
మీ వినియోగదారు,
వికారాబాద్

జతపరచినవి: బిల్లు, వారంటీ కార్డు, బ్రోషర్ మొదటి పేజీ ఫొటో, క్రాంక్ ఫొటోలు, కుడి బోల్టు తిరుగుతున్న వీడియో, క్లినిక్ బిల్లు, మీ మెయిళ్ళ నకళ్ళు.